తలుపుకి ఆనుకున్న పెద్దాయన

పెద్దాయన తలుపుకి ఆనుకుని పడుకున్నాడంటే ఆ ఇంట్లో ఇక ఆ తలుపు లేనట్టే లెక్క. లోపలున్నవాళ్ళు లోపలే, బయటున్నవాళ్ళు బయటే. తోయడానికి వీల్లేదు. పోయిన చలికాలంలో, ఆమె బొమ్మలు వేసుకునే ఈ గదిలోకి ఆమె మగడు బల్బు మార్చడానికి వచ్చి, తిరిగి వెళ్తూ, అవతల పెద్దాయన ఉన్న సంగతి మరిచిపోయి తలుపుని ఒక్క తోపు తోశాడు. చెక్క అంచు వెళ్ళి ఆ అరిగిపోయిన తుంటికి తగిలింది. అప్పుడు ఆ ముసలి కుక్క పెట్టిన కేక కుక్క కేకలా లేదు, మనిషి కేకలా ఉంది. హాల్లో మంచం మీదున్న అత్తగారు తన కొడుకే పడిపోయాడనుకుని, లేవలేని మనిషి లేవబోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో అదొక కట్టుబాటు అయిపోయింది. తలుపు తీసే ముందు మడమతో నేలని మూడుసార్లు తన్నాలి. పెద్దాయనకి చెవులు పోయి చాలా కాలమైంది, పిలిస్తే వినపడదు, కానీ నేల అదిరితే పొట్టకి తెలుస్తుంది. ఎవరో పెద్ద అధికారిని వేళ కాని వేళ లేపినట్టు మొహం పెట్టుకుని, ముందు కాళ్ళ మీద లేచి, వెనక సగాన్ని బరువైన పెట్టెలా ఈడ్చుకుంటూ పక్కకి జరుగుతాడు. అప్పుడు తలుపు తీయాలి. ఇవాళ ఆమె మూడుసార్లు తన్నింది. కాసేపాగి మళ్ళీ తన్నింది. మడమ చురుక్కుమంది గానీ అవతల నేల మీద గోళ్ళ చప్పుడు వినిపించలేదు. మొండికేశాడు అనుకుంది. పొద్దున వేసిన మాత్రల మత్తు ఇంకా దిగలేదేమో అనుకుంది. ఇంకేమీ అనుకోకుండా, టీ పెట్టుకుందామని లేచిన మనిషి టీ లేకుండానే తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది.

ఒకప్పుడది సామాన్ల గది. పాత పరుపులూ, అత్తగారి కుట్టుమిషనూ, మగడు పని నుంచి తెచ్చిపడేసే ఇనప తీగెల చుట్టలూ ఉండేవి. ఆమె పెళ్ళయి వచ్చాక, పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసే పిల్లకి కూర్చోవడానికి ఒక మూల కావాలంటే ఈ గది ఖాళీ చేశారు. బల్ల ఒకటి పడితే మనిషి పక్కకి తిరిగి నడవాలి. కిటికీకి ఊచలు. ఊచలకవతల చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర్లో పక్కింటి గోడ, గోడ మీద తుప్పుపట్టిన గొట్టం, గొట్టం మీద ఒంటికాలి పావురం. దానికి రోజూ గింజలు వేస్తుంది కాబట్టి అదీ ఈ ఇంటిదే అయిపోయింది. పై అరలో కాగితాల కట్టల మీద పిల్లి. దాని పేరు మేనేజరు, ఎందుకంటే అది ఏ పనీ చేయదు, అందరి పనీ చూస్తూ ఉంటుంది. బల్ల మీద ఒకే ఒక్క తెల్ల కాగితం. ఆఖరి పేజీ. నిద్ర పట్టని పాప ఒకతి ఇల్లంతా తిరిగి ఎవరెవరు ఎలా పడుకున్నారో చూసే కథ అది. బామ్మ పడుకుంది, చేప పడుకుంది, గోడ గడియారం తప్ప అన్నీ పడుకున్నాయి. చివరికి గుమ్మం దగ్గర కుక్క పడుకుని ఉంటే పాప వెళ్ళి దాని మీద తల పెట్టుకుని తనూ పడుకుంటుంది. అంతే. ఆ కుక్కని రెండుసార్లు వేసి పంపింది. రెండుసార్లూ ఎడిటరమ్మ ఫోను చేసింది. రెండోసారైతే పాపం ఆవిడ మొహమాటపడుతూనే చెప్పింది, "ఏమీ అనుకోకండమ్మా, మా చిన్నది చూసి ఏడ్చిందండీ. ఇది పడుకున్నట్టు లేదు, పోయినట్టుంది. కాస్త ప్రాణం పోయండి." ప్రాణం పోయండి అట. ఏదో రంగు పోయమన్నంత తేలిగ్గా.

తెలియక చేసిందా? అన్ని జంతువుల్లోకీ నిద్రపోయే జంతువుని గీయడం కష్టమని ఆమెకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు. పరిగెత్తే గుర్రం ఎలా గీసినా పరిగెడుతుంది. తోక ఎత్తిన కోతి ఎలా గీసినా నవ్విస్తుంది. కళ్ళు మూసుకున్నదాన్ని గీస్తే మాత్రం అది నిద్రా, ఇంకోటా అన్నది పెన్సిలు తేల్చాలి. వీపు విల్లులా వంగాలి. మూతి తోకలో దూరాలి. ఒక పంజా గడ్డం కిందికి రావాలి. ఒక చెవి, ఒక్కటంటే ఒక్కటి, కొంచెం లేచి ఉండాలి, నిద్రలో కూడా ఇంటిని వింటున్నట్టు. మెడ చాచి, కాళ్ళు చాచి, పక్కకి వాలినట్టు గీశావా, ఆ తర్వాత ఎంత ముద్దొచ్చే రంగులు వేసినా పిల్లలు కనిపెట్టేస్తారు. ఇదంతా ఆమె తనకంటే చిన్నవాళ్ళకి ఎంతమందికి నేర్పిందో. నేర్పిన చెయ్యే రెండుసార్లు తప్పింది. ఎందుకు తప్పిందో ఆ చేతికి తెలుసు, ఆమెకీ తెలుసు. పశువుల డాక్టరు పెద్దాయన వీపు నిమురుతూ, ఆమె మొహం వైపు చూడకుండా గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ అన్నాడు, "ఇంకా లాగడం మన స్వార్థమమ్మా. ఒక్క ఇంజెక్షను. నిద్రలోనే." అప్పుడామె నోట్లోంచి వచ్చిన మాట, "చేతిలో ఉన్న పుస్తకం అయిపోగానే తీసుకొస్తానండీ." ఆ పుస్తకంలో ఇప్పుడు మిగిలింది ఈ ఒక్క కాగితం. ఇది పూర్తయితే పెద్దాయనని బండిలో ఎక్కించాలి. పూర్తి కాకపోతే ఆయన అలా ఈడ్చుకుంటూ, మూలుగుతూ, రాత్రంతా గోడకి తల ఆనించి నిలబడుతూ ఉండాలి. ఎటూ కదలకుండా ఈ కుర్చీలో కూర్చోవడమొక్కటే ఆమెకి చేతనైంది. ఇవాళ తలుపు కూడా దానికి ఒప్పుకున్నట్టుంది.

"ఏమ్మాయ్, లోపలే ఉండిపోయావా?" గోడ అవతల నుంచి అత్తగారు. గోడంటే పేరుకి గోడ, దగ్గు కూడా దాగదు.

"మీ పెద్దాయన లేవట్లేదు అత్తయ్యా."

"నా పెద్దాయన ఎప్పుడో పోయాడు తల్లీ. వీడు నీ పెద్దాయన."

"టీ పెడదామనుకున్నాను."

"నేనూ తాగుదామనే అనుకున్నాను. ఏం చేస్తాం, ఇద్దరి నోళ్ళూ ఎండనీ. ఆయనగారి నిద్ర చెడితే ఇల్లు మునిగిపోదూ."

ఆ వెటకారం వింటే ఆమెకి కాస్త ఊపిరాడింది. మామూలు మధ్యాహ్నమే ఇది. మామూలు మధ్యాహ్నాల్లో అత్తగారు ఇలాగే మాట్లాడుతుంది. ఈ ఇంటికి పెద్దాయన వచ్చిన రోజు కూడా ఇలాగే మాట్లాడింది, కాకపోతే అప్పుడాయన పెద్దాయన కాదు, బుడ్డోడు, అరచేతిలో పట్టేవాడు. ప్రెస్సులో ఆమె బొమ్మలు అచ్చవుతుంటే రంగు సరిచూడడానికి వెళ్ళింది. కాగితాల అంచులు కత్తిరించే మిషను కింద, పడిన రంగురంగుల చీలికల గుట్టలో ఏదో మెదిలింది. ఎలకేమోనని ఒకాయన చీపురు తీశాడు. చీపురు పడేలోపు ఆమె గుట్టలో చెయ్యి పెట్టేసింది. తల నిండా కాగితం పీలికలు, ఒక పీలికలో తను గీసిన ఏనుగు తోక, కింద రెండు కనుబొమ్మలు, అంతే కనిపించింది. ఏం కనుబొమ్మలవి! కుక్కకి కనుబొమ్మలుంటాయా అంటే మామూలు కుక్కలకి ఉండవేమో, వీడికున్నాయి, ప్రపంచమంతా తనకేదో బాకీ ఉన్నట్టు పైకి లేచిన కనుబొమ్మలు. ఇంటికి తెస్తే అత్తగారు కుట్టుమిషను ఆపి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూసి, "ఈ ఇంట్లో నేనైనా ఉండాలి, అదైనా ఉండాలి" అంది. అలా అంటూనే మిగిలిన యూనిఫారం గుడ్డతో దానికొక పక్క కుట్టింది. బడి పిల్లల నీలం గుడ్డ. చాలా ఏళ్ళు వాడు ఏదో బడిలో చదువుతున్నట్టు నీలం గుడ్డ మీద పడుకున్నాడు. ఆ తర్వాత ఆమె వేసిన ప్రతి జంతువుకీ ఆ కనుబొమ్మలే వచ్చాయి. ఎలుగుబంటికీ అవే, ముసలి తాబేలుకీ అవే, ఒక పుస్తకంలో ఉపాధ్యాయుడికీ అవే. అదింకా నయం, ఒకసారి ఏనుగు చెవి గోక్కుంటున్నట్టు వేయాల్సొస్తే, పొద్దస్తమానం వీణ్ణే చూస్తుంది కదా, ఏనుగుని కూర్చోబెట్టి వెనక కాలెత్తి టకటకా చెవి గోక్కుంటున్నట్టు వేసేసింది. ఎడిటరమ్మ చూడలేదు, రాసినాయన చూడలేదు, ప్రెస్సువాళ్ళు చూడలేదు, అచ్చయి పిల్లల చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఒక్క పిల్లాడూ తప్పనలేదు. ఆ పుస్తకం ఇప్పటికీ అమ్ముడవుతోంది, ఏనుగులు ఇప్పటికీ అందులో కుక్కల్లా గోక్కుంటున్నాయి. ఆ సంగతి బయటపడ్డప్పుడు మగడు నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు, వాడు, ఆ గోక్కునేవాడు, ఎందుకు నవ్వుతున్నారో తెలియక తనూ చుట్టూ తిరిగి తిరిగి మొరిగాడు, ఎంత మొరుగు మొరిగేవాడు, గొంతు ఎప్పుడు పోయింది, ఆఖరిసారి ఎప్పుడు మొరిగాడు, గుర్తు రాదు. ఆఖరిది ఆఖరిదని అప్పుడు ఎవరికి తెలుస్తుంది.

వంటింట్లో ఫోను మోగింది. మోగుతూనే ఉంది. ఎడిటరమ్మే అయి ఉంటుంది.

"ఫోనమ్మాయ్!"

"వినపడుతోంది అత్తయ్యా."

"వినపడితే ఏం లాభం, నీకు కాళ్ళున్నాయి దారి లేదు, నాకు దారుంది కాళ్ళు లేవు. మనిద్దర్నీ కలిపి కుడితే ఒక మనిషయ్యేది."

ఫోను ఆగిపోయింది. మగడికైనా తీరికలేదు ఇవాళ, ఏదో ఆస్పత్రిలో లిఫ్టు ఆగిపోయిందని పొద్దున్నే పరిగెత్తాడు. ఆయన పని అదే, ఇరుక్కుపోయినవాళ్ళని బయటికి తీయడం. భోజనాల దగ్గర కథలు కథలుగా చెప్తాడు. లిఫ్టు ఆగితే మనుషులు ముందు ఉన్న మీటలన్నీ నొక్కుతారట. తర్వాత తలుపు బాదుతారట. తర్వాత ఏమీ తోచక అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకుంటారట. ఆ తర్వాత, ఎన్నడూ మాట్లాడనివాళ్ళు కూడా పక్కవాళ్ళకి ఇంటి గుట్లన్నీ చెప్పేసుకుంటారట. "తలుపు తెరుచుకోగానే మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు" అంటాడు. పైనుంచి ఆయన వాళ్ళకి చెప్పే మాట ఎప్పుడూ ఒకటే, కంగారు పడకండి, గాలి ఆడుతోంది, నేను ఇక్కడే ఉన్నాను. ఇప్పుడు ఆయన ఉండి ఆ మాట అంటే బావుండును. ఆమె లేచింది. మడమతో ఇంకోసారి తన్నింది, ఈసారి చెప్పు తీసి, ఒట్టి కాలితో, అరమీద రంగు సీసాలు గలగలమనేలా తన్నింది. మేనేజరు కిందికి దూకింది. దూకి, తలుపు దగ్గరికి వెళ్ళి, కింద సందులో ముక్కు పెట్టింది. రోజూ ఆ సందులోంచి పంజా పోనిచ్చి పెద్దాయన తోకని పీకడం దానికి సరదా. ఇవాళ పంజా పెట్టలేదు. ముక్కు పెట్టి చాలాసేపు వాసన చూసి, వెనక్కి వచ్చి, అర ఎక్కి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఆమె నేల మీద పడుకుంది. చెంప గచ్చుకి ఆనించి, ఒక కన్ను మూసి, సందులోంచి చూసింది. బూడిద రంగు వెంట్రుకలు. తలుపంత పొడుగునా వెంట్రుకలే, అది వీపో మెడో తెలియదు. కదులుతున్నాయి. ప్రాణం లేచొచ్చింది. మరుక్షణంలోనే, అవతల వరండాలో ఫ్యాను తిరుగుతోంది కదా అని తోచింది. గాలికి కదులుతున్నాయా, ఊపిరికి కదులుతున్నాయా? ఇన్నేళ్ళు వాడి ఒంటి మీద ప్రతి వెంట్రుకనీ గీసిన మనిషి, ఊపిరికి లేచే వెంట్రుకకీ గాలికి లేచే వెంట్రుకకీ తేడా చెప్పలేకపోతోంది. వేళ్ళు పెట్టబోతే గోళ్ళ దాకానే దూరాయి. బల్ల మీంచి సన్న కుంచె ఒకటి తెచ్చి, కుచ్చు వైపు నుంచి మెల్లగా పోనిచ్చింది. మెత్తగా తగిలింది. కుంచె పెట్టి చక్కిలిగింత పెడితే వాడి చర్మం ఈగ వాలినట్టు జలజలా ఒణికేది, చిన్నప్పుడు అదొక ఆట. ఇప్పుడు ఒణకలేదు. వెంట్రుకలు దట్టంగా ఉన్నాయి, చర్మం దాకా అంది ఉండదు. కుంచె పొట్టిది. మత్తు మందులు పడ్డాయి. ముసలితనంలో చర్మానికి తెలియదేమో. ఒకదాని మీద ఒకటి సాకులు పేర్చుకుంటూ, చెంప గచ్చుకే ఆనించి అలాగే ఉండిపోయింది. గచ్చు చల్లగా ఉంది. తోస్తే తెలిసిపోతుంది. ఒక్క తోపు. బతికుంటే ఆ కేక పెడతాడు. కేక పెట్టకపోతే. కేక పెట్టినా తను భరించలేదు, పెట్టకపోయినా భరించలేదు, అంటే ఏమిటన్నమాట, ఈ తలుపు ఇక తెరవడానికి పనికిరాదన్నమాట.

ఎవరైనా కట్టేశారా తనని? ఎవరూ కట్టేయలేదు. దూరపు ఊళ్ళో బొమ్మల బడివాళ్ళు ఆరు నెలలు వచ్చి పాఠాలు చెప్పమని పిలిచినప్పుడు, మగడు వెళ్ళమన్నాడు, అత్తగారు కూడా "వెళ్ళవే, నేను చావనులే" అంది. తనే వెళ్ళలేదు. పెద్దాయనకి తన చేత్తో ఇస్తేనే మందు మింగుతాడు అంది. అది నిజమే. నిజమైన సాకులే గట్టి తాళాలు. ఆ తర్వాత అత్తగారు చీకట్లో పెద్దాయన అడ్డంగా పడుకుని ఉండగా కాలు తట్టుకుని పడి తుంటి విరగ్గొట్టుకుంది. కొన్నాళ్ళకి పెద్దాయన తుంటీ అరిగిపోయింది. "నాది విరగ్గొట్టి వాడిదీ పోగొట్టుకున్నాడు, ఇద్దరికీ కలిపి ఒక డాక్టరు చాలు, ఖర్చు తగ్గుతుంది" అని ఆవిడే అంటుంది. పొద్దున ఆవిడకి ఒళ్ళు తుడవడం, తర్వాత వాడికి తుడవడం, ఆవిడకి మాత్ర, వాడికి మాత్ర, మధ్యలో రంగులు కలపడం. పోయిన వారం దుప్పట్లు ఉతికి తీగ మీద ఆరేస్తోంది. ఒకటి ఆవిడది, ఒకటి వాడిది, రెండింటిదీ ఒకే వాసన. ఇంకెన్నాళ్ళు, అని మనసులో ఒక మాట పుట్టింది. ఎవరి గురించి పుట్టిందో కూడా తెలియకుండా పుట్టింది. పుట్టగానే దాన్ని తొక్కేసింది, తడి దుప్పటిలో మొహం పెట్టుకుని తొక్కేసింది. అయినా పుట్టిన మాట పుట్టినట్టే కదా. నేల అదిరితేనే తెలిసే ఆ చెవిటివాడికి అది తెలిసిందేమో. తెలిసి, సరేలే, ఈ అమ్మాయికి ఎందుకు శ్రమ, అనుకున్నాడేమో. ఛ.

"అత్తయ్యా!" గొంతు తనది కాదనిపించింది.

"ఆఁ."

"మీకు మంచం మీంచి వాడు కనపడతాడు కదా. ఊపిరి తీస్తున్నాడా చూడండి."

అత్తగారికి కళ్ళ ఆపరేషను అయినప్పటి నుంచి దగ్గరివి ఆనవు గానీ దూరాన సూదిమొన కూడా కనిపిస్తుంది. వరండా అంతా ఆవిడ కళ్ళెదుటే.

"తీయక ఏం చేస్తాడు. కలగంటున్నాడే. వెనక కాళ్ళు పరిగెత్తుతున్నట్టు ఆడిస్తున్నాడు."

వెనక కాళ్ళా? ఆ కాళ్ళు కదిలి ఎన్ని నెలలైంది. కలల్లో కూడా ముందు పంజాలే ఆడేవి. అయితే కలలో తుంటి నొప్పి ఉండదేమో. పోనీ బాగయిందేమో. ఆడిస్తున్నాడట, పరిగెత్తుతున్నాడట, ఆ మాట పట్టుకుని ఆమె లేచి కూర్చుంది. మొహం తుడుచుకుంది. సరే, పడుకోనీ. ఎంతసేపు పడుకుంటాడో పడుకోనీ. ఈలోగా తను పని చేసుకోవాలి. తెల్ల కాగితం ముందు కూర్చుని పెన్సిలు చెక్కింది. బొమ్మకి ఇంతకంటే నమూనా ఏం కావాలి, గుమ్మానికి ఆనుకుని నిద్రపోతున్న కుక్క, గోడకి ఇవతల తను, అవతల చూసి చెప్పే మనిషి. ఈసారి సొంత తెలివి వద్దు. ఉన్నది ఉన్నట్టు గీస్తే ప్రాణం అదే వస్తుంది.

"అత్తయ్యా, వాడెలా పడుకున్నాడో చెప్పండి. గీస్తాను."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మీరు చెప్తూ ఉండండి. మీరు కొలతలు తీసిన మనిషి కదా."

అవతల మంచం కిర్రుమంది. కొంచెంసేపటికి ఆవిడ మొదలుపెట్టింది, ఎదురుగా నిలబడ్డ పిల్లకి గౌను కొలతలు చెప్పినట్టు, మెల్లగా, ఒక్కొక్కటే. "వీపు తలుపుకి ఉంది. తిన్నగా ఉంది. చెక్క పెట్టి గీసినట్టు." ఆమె గీసింది. "ముందు కాళ్ళు చాపుకున్నాడు. ఇస్త్రీ చేసి మడత విప్పిన ప్యాంటులా." గీసింది. "వెనకవి?" "అవీ అంతే." "తోక?" "నేల మీద ఉంది. పక్కకి. చుట్టుకోలేదు." గీసింది. "తల?" "తల నావైపు ఉంది. గడ్డం నేలకి ఆనింది. మెడ బాగా సాగింది, కాలరు దగ్గర ఒక్క ముడతా లేదు." గీసింది. "చెవులు అత్తయ్యా?" "రెండూ వాలిపోయాయి." ఆమె చెయ్యి చెప్పినది చెప్పినట్టు గీస్తూ పోయింది, అలవాటైన చెయ్యి, కంటికంటే ముందే పరిగెత్తే చెయ్యి. బూడిద వెంట్రుకలు నీడగా దిద్దింది. పైకి లేచిన ఆ కనుబొమ్మలు మాత్రం అడగకుండానే పెట్టబోయి, పెన్సిలు ఎత్తి పట్టుకుని, కాగితాన్ని కొంచెం దూరంగా జరిపి చూసింది. ఎడిటరమ్మ రెండుసార్లు తిప్పి పంపిన బొమ్మే మళ్ళీ బల్ల మీద ఉంది. ఎక్కడా తప్పు లేదు. ఒక్క గీత అబద్ధం లేదు. ఎవరూ దీన్ని నిద్ర అనరు.

పెన్సిలు పక్కన పెట్టింది. చప్పుడవకుండా పెట్టింది, ఎవరికి వినపడుతుందనో. కిటికీలో పావురం ఒంటికాలి మీద అటు మళ్ళింది, ఇటు మళ్ళింది. గది ఉన్నట్టుండి ఇంకా చిన్నదైపోయినట్టు, బల్ల వచ్చి పక్కటెముకలకి ఆనినట్టు అనిపించింది. ఏడుపు రాలేదు. ఆమె లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

"అత్తయ్యా."

"చెప్పమ్మా."

"ఎప్పుడు?"

ఏమిటి ఎప్పుడు అని ఆవిడ అడగలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఎన్నడూ వినని గొంతుతో అంది, "నువ్వు లోపలికెళ్ళి తలుపు వేసుకున్నావు చూడు, అప్పుడే. నీ వెనకే వచ్చి అక్కడ వాలాడు. తలెత్తి నావైపు చూశాడు. నేను ఇక్కడే ఉన్నానురా, పడుకో అన్నాను. వినపడదని తెలుసులే, అయినా అన్నాను. రెండు ఊపిర్లు పెద్దగా తీశాడు. అంతే."

"మరి కాళ్ళాడిస్తున్నాడని..."

"చెప్తే ఏం చేస్తావే? తలుపు తోయలేవు. వాడి పక్కకి రాలేవు. ఆ ఇరుకులో ఒక్కదానివే నేల మీద పడి ఏడుస్తావు. నేనేమో లేచి వచ్చి నీ తల నిమరలేను. అబ్బాయి వచ్చేదాకా వాణ్ణి బతికే ఉండనిద్దామనుకున్నాను. పాడు నోరు, చెప్పమంటే కొలతలన్నీ సరిగ్గా చెప్పేసింది."

ఆమె నుదురు తలుపు చెక్కకి ఆనించింది. అవతల, ఆమె పాదాల దగ్గర, అదే చెక్కకి ఆనుకుని వాడు. మధ్యలో బొటనవేలంత మందం. మడమ దానంతటదే లేచింది, నేలని తన్నబోయి, గాల్లోనే ఆగి, మళ్ళీ నెమ్మదిగా దిగింది. చెయ్యి గడియ మీదికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. గడియ తీయడం వచ్చు. తోయడమే రాదు.

"తొయ్యమ్మా," అంది గోడ అవతల నుంచి అత్తగారు. "ఇప్పుడు వాడికి నొప్పెట్టదు."

ఆమె గడియ తీసి, రెండు అరచేతులూ తలుపుకి ఆనించింది. అయినా మెల్లగానే తోసింది.